లోహిత్ అనే కొత్త రకం

మా వాడి అరచేతుల్లో పసుపు కనిపించినప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడానికి కారణం లేకపోలేదు. మా అత్త నాగరత్నం రోజూ మనవడికి నలుగు పెట్టి నీళ్ళు పోసేది. ఆ నలుగులో శనగపిండి కంటే పసుపే ఎక్కువ.

"పసుపేనే అమ్మాయ్, ఇంకేంటి? రుద్దింది నేనే కదా!" అంది అత్త.

"నలుగు మానేశాం కదత్తా. మానేసినా పోదేం మరి?"

"అది కొమ్ములు దంచిన పసుపు. ప్యాకెట్ పసుపనుకున్నావా, ఒక నీళ్ళకే పోడానికి?"

మా బావ దొరబాబు, అదే మా ఆయన, అన్నం కలుపుకుంటూ నవ్వాడు. "దీనికి పిల్లోడు తుమ్మితే నిమోనియా, దగ్గితే టీబీ. ఇయ్యాల పసుపొకటి దొరికింది. లోహిత్ గాడి పేరు మార్చి పచ్చయ్య అని పెట్టేద్దాం, గొడవొదిలిపోద్ది."

అత్త కూడా నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. నాకు భయం ఎక్కువన్న మాట అబద్ధం కాదు. వాడు పుట్టిన దగ్గర్నించీ నిద్రపోయేటప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదాన్ని. ఊరికే భయపడేదానికి నిజంగా భయపడాల్సిన రోజు వస్తే ఎవరు నమ్ముతారు? నా గతి అదే అయింది.

నిజం తెలిసింది మా నర్సరీ గేటు దగ్గర. మద్దుల్లంకలో ఏ నర్సరీకైనా గేటు మీద వర్ణదీపం ఉంటుంది. లోపలికొచ్చే మట్టి, బయటికెళ్ళే మొక్క దాని కిందనుంచే వెళ్ళాలి. నేను పిల్లవాణ్ణి చంకనేసుకుని లోపలికి వస్తున్నాను. వాడు దీపాన్ని అందుకోవాలని చెయ్యి చాపాడు. అంతే. అరచేతిలో గీతలన్నీ భగ్గుమన్నాయి. చితుకుల పొయ్యిలో నిప్పు రంగు అది. రెండో చెయ్యి కూడా అంతే.

కొమ్ము పసుపు ఆ దీపం కింద అలా వెలగదు. ఆ సంగతి మా లంకలో పిల్లలకు కూడా తెలుసు.

ఎందుకు తెలుసో చెప్పాలి. మొక్కలకు తెగులు తెచ్చే సూక్ష్మజీవి కంటికి ఆనదు. ఆకు మీద మచ్చ పడేసరికే మడి మొత్తం చేజారిపోయి ఉంటుంది. అయితే అలాంటి సూక్ష్మజీవుల్లో ఒక పెద్ద జాతికి ఒంట్లోనే ఒక పసుపు ఉంది. బంతిపూల పసుపు వేరు, కొమ్ము పసుపు వేరు, ఇది వేరు. దీని మీద కాంతి పడితే మరే పసుపూ చెయ్యని విధంగా దాన్ని మింగి, తన రంగులో తిరిగి కక్కుతుంది. ఆ పసుపు ఆ జాతికి ఇంటిపేరులాంటిది. మొక్కల తెగుళ్ళు చూసే వర్ణ కేంద్రంలో హైమవతి మేడం ఆ ఇంటిపేరును పెద్దక్షరాలతో రాయించే ఉపాయం కనిపెట్టారు. ఆవిడ తయారుచేసిన రంగుమందులో ఒక వైరస్ ఉంటుంది. అది మొక్కనేమీ చెయ్యదు. తెగులు సూక్ష్మజీవిలో దూరి, దాని చేత దాని రంగునే పదింతలు చేయిస్తుంది. సాయంత్రం మందు కొడితే తెల్లవారేసరికి తెగులున్న ఆకు దీపం కింద వెలుగుతుంది. నిమ్మ రంగు అయితే ఒక తరగతి, గంధం రంగు అయితే ఇంకో తరగతి, కుంకుమపువ్వు రంగు అయితే మరో తరగతి. తరగతి తెలిస్తే మందు తెలుస్తుంది. ఆ మందు వచ్చాక మా లంకలో మళ్ళు ఎండిపోవడం ఆగిపోయింది. మా అత్త ఆవిడ ఫొటో తెచ్చి దేవుడి గూట్లో పెడతానంటే బావే వద్దన్నాడు, "బతికున్నోళ్ళ ఫొటో దేవుడి గూట్లో ఏంటే అమ్మా" అని.

నేను పరిగెత్తుకెళ్ళి అత్తకు చూపించాను. ఆవిడ గులాబీ అంట్లకు ప్లాస్టిక్ పట్టీ చుడుతోంది. పట్టీని పంటితో కొరికి తెంపడం మా దగ్గర ఆడవాళ్ళందరికీ అలవాటు. నోట్లో పట్టీతోనే చూసింది. పట్టీ ఊసేసింది.

"ఇది ఆకుల మీద రావాల్సింది కదే," అంది.

"అదే కదత్తా నేను చెప్తున్నాను!"

"వీడి చేతికెలా వచ్చింది?"

నాకేం తెలుసు? మేమందరం పిల్లల్ని మళ్ళ మధ్యే పెంచుకుంటాం. షేడ్‌నెట్ కింద రెండు కర్రలకు చీర కట్టి ఉయ్యాల వేస్తాం. పాకే వయసొస్తే కొబ్బరి పొట్టు మీద వదిలేస్తాం. వాడు ఆకులు పీకుతాడు, నోట్లో పెట్టుకుంటాడు, నా చేతులు నాకుతాడు. ఆ చేతులతోనే కదా నేను ఆకులు తుడిచేది.

అదే వారంలో వాడికి జ్వరం పట్టుకుంది. చల్లారడం, మళ్ళీ కాలిపోవడం.

*

రాజమండ్రిలో పిల్లల డాక్టరు సాల్మన్ గారు మంచి మనిషి. కసురుకోరు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. కసిరితే తిరిగి అరవచ్చు.

"రక్తంలోకి వెళ్ళిందమ్మా," అన్నారు. "పళ్ళెంలో పెంచి చూశాను. చక్కటి పసుపు రంగులో పెరిగింది. కానీ మా యంత్రం దీన్ని ఎరగదు. మనుషుల రోగాలన్నీ తిరగేసి, ఇది నాది కాదు అంటుంది."

"మరి మందు?"

"ఉండొచ్చు. ఏదో తెలియాలి కదా."

"బీరువానిండా మందులున్నాయి కదండీ. ఒకటి కాకపోతే ఒకటి వెయ్యండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ గది తాళం ఇప్పుడు మా చేతుల్లో లేదు. సూక్ష్మజీవి పేరు కొడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకప్పుడు అడిగినవాళ్ళకల్లా ఇచ్చి, ఉన్న మందుల్ని పనికిరాకుండా చేసుకున్నాం. అందుకని ఈ కట్టుబాటు. పేరు లేనిదానికి మందు రాదమ్మా."

"పేరు లేకపోతే జ్వరం కూడా రాకూడదు కదండీ," అన్నాను.

బావ నా మోచెయ్యి గిల్లాడు. "ఊరుకోవే. పెద్దాయనతో ఏంటా మాటలు?"

డాక్టరు గారికి కోపం రాలేదు. "మొక్కల తెగులు అనుకుంటున్నావు కదా, మీ వర్ణ కేంద్రానికి వెళ్ళు. వాళ్ళ పుస్తకంలో ఉంటే పేరు రాయించుకురా. ఎక్కడిదైనా పేరు పేరే, తలుపు తెరుచుకుంటుంది. ఈలోగా జ్వరం తగ్గే చుక్కలు ఇస్తాను. ఆలస్యం చెయ్యకు," అన్నారు.

ఆలస్యం చేస్తున్నది నేనైనట్టు!

*

వర్ణ కేంద్రంలో మేడం గదిలోకి వెళ్ళడానికే పొద్దు గడిచిపోయింది. హైమవతి మేడం ఫొటోలో కంటే చిన్నగా ఉన్నారు. బల్ల మీద గాజు మూతల కింద పసుపు చుక్కలు, వరసలు వరసలుగా. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. ముగ్గుకు పెట్టిన చుక్కల్లా ఉన్నాయి. నాకు వాటిని నేలకేసి కొట్టాలనిపించింది.

"నమూనా ఏ మొక్కది?" అన్నారు.

"మొక్క కాదండి. మా బాబు."

"మొక్క మీద బతికేదే ఈ తరగతుల్లోకి వస్తుందమ్మా. ముందు మొక్క, తర్వాత రంగు, తర్వాత శాఖ. మొదటి గడి ఖాళీగా ఉంటే యంత్రం రెండో గడికి వెళ్ళదు."

"రంగు ఉంది కదండీ. రంగును బట్టే కదా మీరు జాతి చెప్పేది?"

"రంగు చాలదు. పసుపుగా ఉండే సూక్ష్మజీవులు సవాలక్ష."

"మీ దీపం కింద చూడండి. సవాలక్షలో ఒకటో, మీదో మీకే తెలుస్తుంది."

ఆవిడ లేచి కిటికీ పక్కనున్న దీపం వేశారు. నేను లోహిత్ పిడికిలి విప్పాను. జ్వరానికి వాడి వేళ్ళు వేడి వేడిగా ఉన్నాయి. గీతలన్నీ వెలిగాయి. మేడం చాలాసేపు చూశారు. చూస్తూ ఉండగా ఆవిడ ముఖంలో రంగు పోయింది. ఆవిడకు తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసింది.

దీపం ఆర్పేశారు.

"ఇది చర్మం మీద బతకదు," అన్నారు.

"బతుకుతోంది కదండీ!"

"ఎక్కడా లేదు అలా."

"ఇక్కడుంది కదండీ. ఇదిగో. వీడి చేతిలో."

"అమ్మా, నువ్వు ఎంతవరకు చదువుకున్నావు?"

"ఇంటరు మొదటి సంవత్సరంలో పెళ్ళి చేసేశారండి. బైపీసీ."

"అయితే నీకు చెబితే అర్థమవుతుంది. తరగతులంటే అలమారలో అరల్లాంటివి. ఏ అరలో పెట్టాలో తెలియనిదాన్ని..."

"కింద పడేస్తారా?" అన్నాను.

బావ బయటినుంచి తలుపు తోసి, "వేణీ, పద" అన్నాడు. నా పేరు వీరవేణి. కోపం వస్తే పూర్తిగా పిలుస్తాడు, జాలి వస్తే సగం పిలుస్తాడు. ఆ రోజు సగమే పిలిచాడు.

మళ్ళీ వెళ్ళాను. ఇంకోసారి వెళ్ళాను. డాక్టరు గారు కేంద్రానికి ఫోన్ చేశారు. కేంద్రం వాళ్ళు ఆసుపత్రికి రాసుకోమన్నారు. ఆసుపత్రి పైవాళ్ళు మొక్కల తెగులు మా పని కాదన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. మా వాడు మటుకు రోజురోజుకీ తేలికైపోతున్నాడు. చంకనేసుకుంటే బరువు తెలిసేది కాదు.

*

మా ఊళ్ళో నర్సరీ సంఘం షెడ్డులో ఒక వర్ణసూచి ఉంది. బీరువా అంత యంత్రం. దూది ముక్కను ఆకు మీద రుద్ది దాని నోట్లో పెడితే, అడగాల్సినవి అడిగి, తరగతి చెప్పి, మందు చీటీ ఇస్తుంది. రేడియోలో వార్తలు చదివే ఆవిడ గొంతు.

సంఘం గుమస్తా వీర్రాజు అప్పటికే నన్ను చూసి విసిగిపోయి ఉన్నాడు. "మళ్ళీ వచ్చావా తల్లీ?" అన్నాడు.

దూదిని లోహిత్ అరచేతిలో రుద్ది దాని నోట్లో పెట్టాను.

"మొక్క పేరు చెప్పండి," అంది యంత్రం.

"మొక్క కాదు. పిల్లాడు."

"అర్థం కాలేదు. మొక్క పేరు చెప్పండి."

"పిల్లాడే! పిల్లాడు!"

"అర్థం కాలేదు."

వెనక నలుగురు చామంతి నారు పట్టుకుని నిలబడ్డారు. "ఏంటండీ ఈవిడ, బీరువాతో దెబ్బలాడతన్నారు," అన్నాడొకాయన. వీర్రాజు తల పట్టుకున్నాడు. "ఏదో ఒక మొక్క పేరు చెప్పి చావమ్మా! దానికి కావాల్సింది మొక్క. నీకు కావాల్సింది పేరు. నా ప్రాణం తియ్యకండి ఇద్దరూ కలిసి!"

అతను విసుక్కుని అన్నాడు. ఇన్నాళ్ళూ నిజం చెప్పి చెప్పి నోరు పోయింది. నిజాన్ని మాత్రమే ఎవరూ తీసుకోలేదు.

"మొక్క పేరు చెప్పండి," అంది యంత్రం మళ్ళీ, ఏమీ జరగనట్టు.

"లోహిత్," అన్నాను.

"ఈ పేరు పుస్తకంలో లేదు. కొత్త రకమా?"

"ఆయ్."

"మొక్క వయసు?"

"ఏడాది నిండలేదు."

"పెంచిన చోటు?"

"నాగరత్నం నర్సరీ, మద్దుల్లంక."

"నీడలోనా, ఎండలోనా?"

నాకు ఏడుపొచ్చేసింది. "నీడలోనే. ఎండ తగలనివ్వలేదు."

యంత్రం లోపల దీపాలు తిరిగాయి. తర్వాత అదే గొంతు, అదే మర్యాద: "కుంకుమపువ్వు తరగతి, మూడో శాఖ. లొంగే మందు చీటీలో ఉంది. ఈ మొక్కనూ, దాని మడినీ వేళ్ళతో సహా పెకలించి తగలబెట్టవలెను. ధన్యవాదాలు."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

*

డాక్టరు గారు చీటీ చదివారు. "మొక్క: లోహిత్" అన్న చోట ఆగారు. నా వంక చూశారు, పిల్లవాడి వంక చూశారు. ఏమీ అడక్కుండా పేరు కొట్టారు. మందుల గది తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

రెండో పూటకే జ్వరం దిగింది. నాలుగు రోజులు పోయాక ఇంటికి పంపేశారు. చేతికి సూది గొట్టం అలాగే ఉంచి కట్టు కట్టారు. కడియంనుంచి నర్సమ్మ రోజూ వచ్చి ఇంజక్షన్ ఇచ్చి వెళ్ళాలి. మందు ఏ రోజుది ఆ రోజే గదిలోంచి వస్తుంది.

"ఒకటి గుర్తుపెట్టుకో," అన్నారు డాక్టరు గారు. "మందు పూర్తయ్యేదాకా ఆ పేరు రద్దు కాకూడదు. తప్పుడు నమూనా అని తేలితే తలుపు మూసుకుపోతుంది. సగం మందు పడ్డ సూక్ష్మజీవి మొదటిదానికంటే మొండిది."

ఇంటికొచ్చాక అత్తకీ బావకీ అంతా చెప్పాను. బావకు అన్నం సహించలేదు. "మడి తగలెడతారంటే? ఏ మడి?" అన్నాడు. "రారేమోలే," అంది అత్త. "వాళ్ళ పనులు ఎప్పటికయ్యేను?"

తగలబెట్టే పనైతే తొందరగానే అవుతుంది. మూడో రోజు పొద్దున్నే వర్ణ కేంద్రంనుంచి మంటవాళ్ళు వచ్చారు. నీలం బట్టలు, ముఖానికి ముసుగులు, చేతుల్లో మంట గొట్టాలు. కొత్త రకం అన్న మాట చూసి హైమవతి మేడం కూడా వచ్చారు.

"లోహిత్ అనే రకం ఎక్కడుందండీ?" అన్నాడు వాళ్ళ మేస్త్రీ.

బావ నా వైపు చూశాడు. లోహిత్ నా చంకలో ఉన్నాడు, కట్టు కట్టిన చేతిని నోట్లో పెట్టుకోవాలని చూస్తున్నాడు. నేను వాడి పిడికిలిని నా కొంగులో దాచాను.

"ఆ వైపు," అన్నాను, ఏ వైపో చూపకుండా.

మేస్త్రీ చేతిదీపంతో మడి మడికీ తిరిగాడు. గులాబీలు, క్రోటన్లు, మందారాలు. ఎక్కడా రంగు లేదు. మా అత్త మొక్కల్ని అంత శుభ్రంగా పెంచుతుంది. ఆ శుభ్రమే ఆ పూట మా పాలిట శత్రువైంది.

"ఏ మడిలోనూ లేదండి మేడం," అన్నాడు. "తప్పుడు నమూనా. రద్దు చేసెయ్యమంటారా?"

మేడం ఏదో అనబోయారు. ఆవిడ చూపు నా కొంగు మీద ఉంది.

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యలేకపోయేదాన్ని. నాకు దగ్గరగా ఉన్నది అడీనియం మడి. బావ పెళ్ళికి ముందునుంచీ పెంచుకుంటున్న మొక్కలు అవి. ఒక్కో దుంప మీద రెండు మూడు రంగుల పూలు పూసేలా తానే అంట్లు కట్టుకున్నాడు. కొనేవాళ్ళొస్తే ఇంకా తయారవలేదని చెప్పి పంపించేసేవాడు. నేను ఆ మడిలోకి దిగాను. లోహిత్ పిడికిలి విప్పి, ఆ అరచేతిని ఆకుల మీద రుద్దుకుంటూ పోయాను. ఒక మొక్క, ఇంకో మొక్క, ఆ వరస చివరిదాకా. వాడికి ఆటలా ఉంది. కిలకిలా నవ్వాడు.

"ఇక్కడ చూడండి," అన్నాను.

మేస్త్రీ దీపం వేశాడు. ఆకుల మీద చిన్న చిన్న వేళ్ళ గీతలు, నిప్పు రంగులో.

బావ నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. మేస్త్రీ మేడం వంక చూశాడు. అతనికి అర్థమైంది. అతనికీ పిల్లలుండే ఉంటారు. "ఏం రాసుకోమంటారండి?" అన్నాడు మెల్లగా.

అత్త ముందుకొచ్చింది. "రంగు కనిపించింది కదా బాబూ? ఇంకేం రాసుకుంటావు? తగలెట్టు. మళ్ళీ మొక్క లేదని మాత్రం రాయకు."

మేడం తల ఊపారు.

అడీనియం దుంపల్లో నీరు ఎక్కువ. తొందరగా అంటుకోవు. చాలాసేపు కుతకుతమని ఉడికి, పగిలి, తర్వాత కాలాయి. బావ చివరిదాకా చూశాడు. అంతా అయ్యాక వచ్చి పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని, ఒక్క మాట అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

*

మేడం వెళ్ళలేదు. పొగ అటు మళ్ళితే ఇటు, ఇటు మళ్ళితే అటు జరుగుతూ నిలబడ్డారు.

"ఆ రంగు వాటికి గొడుగు," అన్నారు ఉన్నట్టుండి. "ఎండకు మాడిపోకుండా కాపాడేది అదే. మన కంటికి కనపడాలని నేను గొడుగును పదింతలు చేశాను. ఎండకు చావాల్సినవి చావలేదు. ఎండిన చేతుల మీద, గోళ్ళ కింద కూడా బతకడం నేర్చుకున్నాయి."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మీవాడి చెయ్యి చూసినప్పుడు."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదండీ! వాడు కాలిపోతుంటే నాకు అలమారలూ అరలూ చెప్పి పంపారు!"

"ఆ రోజే రాశాను. నువ్వు వెళ్ళిన వెంటనే. ఆతిథ్యమిచ్చే జీవి అన్న చోట మనిషి అని రాసి పంపాను. మొక్కల తరగతుల్లో మనిషికి చోటు లేదని తిరిగొచ్చింది. వైద్యం వైపు పంపాను. మొక్కలనుంచి వచ్చినదానికి మా దగ్గర చోటు లేదన్నారు. ఇంకా పంపుతూనే ఉన్నాను."

"మీ రంగుమందు ఆపెయ్యండి. దానికెవరి చోటూ అక్కర్లేదు కదా."

"ఆపాలంటే ప్రమాదం ఉందని రుజువు కావాలి. రుజువంటే పుస్తకంలో ఉన్న కేసు. పుస్తకంలో నీ కొడుకు లేడు. లోహిత్ అనే మొక్క ఉంది."

నోటికొచ్చిన మాటలు ఆడదాన్ని, చిన్నదాన్ని, అనకూడదు. చీపురు తెచ్చి బూడిద ఊడవడం మొదలుపెట్టాను. ఆవిడ కాళ్ళ మీద పడేలా ఊడ్చాను.

*

లోహిత్ మందు పూర్తయింది. అరచేతుల్లో గీతలు మామూలు గీతలయ్యాయి. బావ ఖాళీ మడిలో ఇంకేమీ వెయ్యలేదు, నేనూ అడగలేదు.

అప్పుడు రావడం మొదలుపెట్టారు. ముందు బుర్రిలంకనుంచి ఒకావిడ, పిల్లాణ్ణి పమిటలో చుట్టుకుని. "నువ్వేనా అమ్మా, పిల్లోడికి మొక్క పేరు రాయించినావిడవి?" అంది. తర్వాత వేమగిరినుంచి ఇద్దరు. చేతులు విప్పి చూపించక్కర్లేకుండానే తెలిసిపోయేది, వాళ్ళ నడకలోనే. నేను చెప్పేదాన్ని. ఏం అడుగుతుందో, ఏం చెప్పాలో. నీడా ఎండా అన్నప్పుడు ఏడవకండి, దానికి అర్థం కాదు అని కూడా చెప్పేదాన్ని. తర్వాత ఎటువైపు చూసినా ఏదో ఒక లంకలో పొగ లేస్తూ ఉండేది. కేంద్రం పుస్తకంలో కొత్త రకాలు పుట్టుకొస్తున్నాయి: జస్విత, హేమంత్, చిన్ని. పట్నంనుంచి ఎవరో చదువుకునేవాళ్ళు వచ్చి హేమంత్ అనే మొక్క విత్తనం దొరుకుతుందా అని వీర్రాజును అడిగారట.

ఒక మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. నాకంటే చిన్నది. కూలిపనికి వెళ్ళే మనిషి. భుజం మీద ఆడపిల్ల వాలిపోయి ఉంది. ఆ బరువు లేని వాలడం నాకు తెలుసు.

"అంతా తెలుసుకునే వచ్చానండి," అంది. "పేరు సెప్పేత్తాను. కానీ మాకు మడి లేదు కదమ్మగారూ. ఏం తగలెట్టమని సూపించమంటారు?"

నేను అత్త వంక చూశాను. అత్త కవర్లలో మట్టి నింపుతోంది. చేతులు ఆపింది.

"నా వంక చూడకే," అంది. "ఊళ్ళో పిల్లలందరికీ మన మళ్ళే కాలుస్తామా? అడీనియాలు పోయాయి. మొన్న వేమగిరి పిల్లకి మందారాలు చూపించావు. నీ మొగుడు గడ్డి తిని బతుకుతాడా?"

"నేనేం అన్నానత్తా?"

"అనకపోయినా నీ మొహం అంటోంది."

అత్త అన్నదాంట్లో తప్పులేదు. తప్పులేదని తెలిసేకొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఎవరో చేసిన దానికి ఎవరి మడో కాలాలి. కాలడానికి మడి కూడా లేని పిల్ల చావాలి. నూకరత్నం గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. పిల్ల ఒళ్ళు పట్టుకు చూశాను. పెనంలా ఉంది.

"నువ్వు ఎక్కడ పనికెళ్తావే?" అన్నాను.

"వర్ణ కేంద్రంలోనేనండి. రంగుమందు పెంచే మళ్ళుంటాయి కదండీ, అక్కడ కలుపు తీత్తాను. ఆ మందు అక్కడి ఆకుల్లోనే పెరుగుద్దంటండి. ఆ మళ్ళు పోతే మళ్ళీ ఎక్కడా తయారవదంట. అందుకే సుట్టూ కంచేశారు."

"పిల్లని ఎక్కడ పడుకోబెడతావు?"

"ఇంకెక్కడండీ? మడి గట్టునే. అక్కడే పాకింది, అక్కడే నిలబడింది."

అత్త చేతిలో మట్టి అలాగే ఉంది. మెల్లగా తలెత్తి నా వంక చూసింది. ఈసారి నా వంక చూడకే అనలేదు.

"నెమ్మదిగా నడిస్తే బస్సెళ్ళిపోద్ది," అంది. "పొద్దు వాలకముందే తీసుకెళ్ళు."

షెడ్డులో వీర్రాజు మమ్మల్ని చూసి నిట్టూర్చాడు. నేను దూదిని పిల్ల అరచేతిలో రుద్ది యంత్రం నోట్లో పెట్టాను.

"మొక్క పేరు చెప్పండి."

నూకరత్నం నా వైపు చూసింది. చెప్పమన్నట్టు తలూపాను. "హారిక," అంది.

"ఈ పేరు పుస్తకంలో లేదు. కొత్త రకమా?"

"ఆయ్."

"పెంచిన చోటు?"

నూకరత్నం మళ్ళీ నా వైపు చూసింది. "నిజమే చెప్పు," అన్నాను. "ఎక్కడ పెరిగిందో అదే చెప్పు. నువ్వేం దాచక్కర్లేదు."

"వర్ణ కేంద్రమండి," అంది. "రంగుమందు మళ్ళు. కంచె లోపల. మొత్తం అన్ని మళ్ళలోనూ తిరిగిందండి."

యంత్రం ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది. వీర్రాజు కుర్చీలోంచి లేచాడు. లోపల దీపాలు తిరిగాయి, ఆగాయి, మళ్ళీ తిరిగాయి.

"కుంకుమపువ్వు తరగతి, మూడో శాఖ. లొంగే మందు చీటీలో ఉంది. ఈ మొక్కనూ, దాని మళ్ళన్నిటినీ వేళ్ళతో సహా పెకలించి తగలబెట్టవలెను. ధన్యవాదాలు."

నూకరత్నం చీటీ లాక్కుని, పిల్లను గుండెకు అదుముకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. రాజమండ్రి బస్సు మలుపులో హారన్ కొడుతోంది.

"ఒసే వీరవేణీ," అన్నాడు వీర్రాజు. "మంటోళ్ళు ఎక్కడికెళ్ళాలో తెలుస్తుందా నీకు?"

"వాళ్ళకి దారి చెప్పక్కర్లేదు వీర్రాజుగారూ," అన్నాను. "రోజూ బయల్దేరేది అక్కణ్ణించే కదా."